కుంటా కింటే నిజంగా ఉన్నాడా?

“మేడం, ఇదంతా నిజంగానే జరిగిందా?”

అడిగింది తొమ్మిదో తరగతి కుర్రాడు. 2020, లాక్‌డౌన్ నెలలు. హైదరాబాద్ శివార్లలో ఒక మామూలు ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే నా స్నేహితురాలు ఫోన్ చేసి, “పిల్లలు ఆన్‌లైన్ క్లాసుల్లో నిద్రపోతున్నారే, శనివారం సాయంత్రం ఓ గంట వాళ్లతో ఏదన్నా పుస్తకం చదివించవా” అంది. సరే అన్నాను. ఆ బుక్ క్లబ్‌కి పేరంటూ ఏమీ పెట్టలేదు. పద్నాలుగు మంది పిల్లలు, నేను, వెనకాల ఎవరింట్లోదో కుక్కర్ విజిల్. పుస్తకం నేనే ఎంచాను: ‘ఏడు తరాలు’.

అలెక్స్ హేలీ ‘రూట్స్’కి సహవాసి చేసిన తెలుగు అది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన తొలినాళ్లలో తెచ్చిన పుస్తకాల్లో ఒకటి. ఇంగ్లీషులో ఇటుకంత ఉండే పుస్తకాన్ని బాగా కుదించి చేసిన అనువాదం. ఇంటర్ సెలవుల్లో చదివి రెండ్రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను. అమెరికా బానిసత్వం గురించి నాకు తెలిసిందల్లా చాలా ఏళ్లపాటు ఈ ఒక్క పుస్తకం నుంచి తెలిసిందే. నాలాంటివాళ్లు తెలుగులో తక్కువేం లేరనుకుంటాను.

కథ తెలియనివాళ్లకోసం నాలుగు ముక్కలు. గాంబియా నది ఒడ్డున జుఫురే అనే పల్లెలో పుట్టిన కుంటా కింటే, ఢోలు చేసుకుందామని కర్ర కోసం అడవికెళ్లి బానిసల వేటగాళ్లకి దొరికిపోతాడు. ఓడలో గొలుసులతో అమెరికా చేరతాడు. వర్జీనియాలో ఒక తోట యజమాని కొని టోబీ అని పేరు పెడతాడు. నాలుగోసారి పారిపోబోతే సగం పాదం నరికేస్తారు. కూతురు కిజీ. పదహారేళ్లకే ఆమెని వేరే చోటికి అమ్మేస్తారు. అక్కడ యజమాని వల్ల ఆమెకి పుట్టినవాడు కోళ్ల జార్జి. జార్జి కొడుకు టామ్, టామ్ కూతురు సింథియా, సింథియా కూతురు బెర్తా, బెర్తా కొడుకు అలెక్స్ హేలీ. ఏడు తరాలు.

ఆ కుర్రాడి ప్రశ్న ఐదో వారంలో వచ్చింది. దానికంటే ముందు మూడో వారంలో జరిగిన సంగతొకటి చెప్పాలి. క్లబ్బులో ఒకమ్మాయి నాన్న ఫోన్లోంచి వచ్చేది. తెర మీద పేరుండాల్సిన చోట ఫోన్ కంపెనీ పేరూ, పక్కన ఒక అంకే కనిపించేవి. ఆ అమ్మాయి మైక్ తీసేది తక్కువ. మొదటి రెండు వారాలూ నేను సరదాగా ఆ ఫోన్ పేరుతోనే పిలిచాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మూడో వారం, కుంటాకి టోబీ అని పేరు పెట్టే భాగం చదువుతున్నాం. (పేరు చెప్పించడానికి కొరడాతో కొట్టే దృశ్యం అందరికీ గుర్తున్నది టీవీ సీరియల్ వల్ల. పుస్తకంలో పేరు మారడం అంత నాటకీయంగా ఉండదు, నాకు అదే ఎక్కువ భయం వేస్తుంది.) ఎవరో మైక్ తీసి, “మేడం, మీరు దీనికి పెట్టినట్టు” అన్నారు. గంటలో ఆ తర్వాతి భాగం ఎలా నడిపానో గుర్తులేదు. అయిపోయాక ఆ అమ్మాయికి సారీ చెప్పాను. “పర్లేదు మేడం” అంది. పెద్దవాళ్లు సారీ చెబితే పిల్లలు అనేది అదే కదా.

ఇక నిజంగా జరిగిందా అన్న ప్రశ్న. వచ్చే వారం చెబుతానని తప్పించుకున్నాను. తప్పించుకున్నానని ఎందుకంటున్నానంటే, జవాబు నాకు కొంత తెలుసు. తెలిసే ఆ పుస్తకం ఎంచాను.

హేలీ చెప్పుకున్న కథ ఇది. టెనసీ రాష్ట్రంలో హెన్నింగ్ అనే చిన్న ఊళ్లో, అమ్మమ్మా ఆవిడ అక్కచెల్లెళ్లూ అరుగు మీద కూర్చుని పాత సంగతులు చెప్పుకునేవాళ్లు. వాటిలో ‘ఆ ఆఫ్రికావాడు’ ఒకడు. తన పేరు కింటే అనేవాడట. గిటారుని చూపించి ‘కో’ అనేవాడట, నదిని చూపించి ‘కాంబీ బొలాంగో’ అనేవాడట. ఈ రెండు మూడు మాటలు తరం నుంచి తరానికి దిగొచ్చాయి. అమెరికా కోస్ట్ గార్డులో ఇరవై ఏళ్లు పనిచేసి, ఆ పైన మాల్కం ఎక్స్ ఆత్మకథకి కలం పట్టిన హేలీ, ఆ మాటలు పట్టుకుని బయల్దేరాడు. ఆఫ్రికా మౌఖిక చరిత్రల మీద పెద్ద పండితుడైన యాన్ వాన్సినా, అవి మాండింకా భాషవి కావచ్చనీ, నది గాంబియా కావచ్చనీ చెప్పాడు. 1967లో హేలీ జుఫురే వెళ్లాడు. అక్కడ ఫొఫానా అనే ముసలాయన కింటేల వంశావళి గంటలకొద్దీ చెబుతూ, రాజు సైనికులు వచ్చిన కాలంలో కుంటా కర్ర కొట్టుకొస్తానని వెళ్లి మళ్లీ కనపడలేదన్నాడు. హేలీ ఏడ్చాడు. ఆపైన లండన్‌లో, అనాపొలిస్‌లో రికార్డులు తిరగేసి ‘లార్డ్ లిగొనియర్’ అనే ఓడని పట్టుకున్నాడు. 1767 జులైలో గాంబియాలో బయల్దేరి సెప్టెంబర్ 29న అనాపొలిస్ చేరిన ఓడ. సరుకు జాబితాలో ఏనుగు దంతాలు, తేనెమైనం, దూది, బంగారం, 140 మంది మనుషులు. దిగింది 98 మంది. సరిగ్గా రెండొందల ఏళ్ల తర్వాత, 1967 సెప్టెంబర్ 29న, హేలీ ఆ రేవులో వెళ్లి నిలబడ్డాడు.

పుస్తకం 1976లో వచ్చింది. తర్వాతి జనవరిలో ఏబీసీ టీవీ వరసగా ఎనిమిది రాత్రులు సీరియల్ వేసింది. పులిట్జర్ వాళ్లు ప్రత్యేక ప్రశంస ఇచ్చారు. కథ విభాగంలో పెట్టాలో చరిత్ర విభాగంలో పెట్టాలో తేలని పుస్తకం కాబట్టి ప్రత్యేకం అన్నమాట. హేలీ తనే ‘ఫ్యాక్షన్’ అనే మాట వాడాడు, ఫ్యాక్టూ ఫిక్షనూ కలిపి. మన రాయలసీమ ఫ్యాక్షన్‌కి దీనికీ సంబంధం లేదని పిల్లలకి చెప్పాల్సొచ్చింది.

అదే ఏడాది ఏప్రిల్లో లండన్ ‘సండే టైమ్స్’ విలేఖరి మార్క్ ఒటావే గాంబియా వెళ్లొచ్చి రాశాడు. ఫొఫానా వంశపారంపర్యంగా చరిత్ర చెప్పే గ్రియో కాదు. హేలీకి ఏం వినాలనుందో అతనికి ముందే తెలుసు. 1767 నాటి జుఫురే, పుస్తకంలోలా తెల్లవాణ్ణి చూడని అమాయకపు పల్లె కాదు. ఎదురుగా నదిలోని జేమ్స్ ద్వీపంలో ఇంగ్లీషువాళ్ల కోట ఉంది, ఊరు బానిసల వర్తకం మధ్యలో ఉంది. (ఆ ద్వీపం పేరు 2011లో కుంటా కింటే ద్వీపంగా మార్చారు. చరిత్రకారులు లేడన్నవాడి పేరు భూపటం మీదికి ఎక్కింది.) ఇంకా పెద్ద దెబ్బ 1981లో తగిలింది. గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షౌన్ మిల్స్ అనే దంపతులు వర్జీనియా కాగితాలు వెతికారు. వాలర్ల తోటలో టోబీ అనే బానిస ఉన్నాడు, నిజమే. కానీ 1762లోనే ఉన్నాడు, ఓడ రాకముందు ఐదేళ్లకే. 1782 పన్ను జాబితాల నాటికి లేడు, చనిపోయి ఉండాలి. కిజీ పుట్టిందని చెప్పిన ఏడాదికి అది ఎనిమిదేళ్ల ముందు.

ఇవి కాక కాపీ గొడవొకటి. హెరాల్డ్ కోర్లాండర్ 1967లో రాసిన ‘ది ఆఫ్రికన్’ నవల నుంచి భాగాలు ‘రూట్స్’లోకి వచ్చాయని కేసు పడింది. 1978లో హేలీ ఆ సంగతి ఒప్పుకుని, ఆరున్నర లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాడు.

ఆరో వారం ఇదంతా పిల్లలకి చెప్పాను. పద్నాలుగు గడుల్లో పద్నాలుగు మొహాలు వాడిపోయాయి. “అంటే చీట్ చేశాడా మేడం?” అన్నాడు ప్రశ్న వేసిన కుర్రాడు. ఇంకొకడు, “మరి ఇన్ని వారాలు ఎందుకు చదివాం?” అన్నాడు. వాడు ఓడ భాగం చదువుతున్నప్పుడు కెమెరా ఆఫ్ చేసుకున్నవాడు. కన్నీళ్లు ఊరికే పోయాయన్న కోపం. నాకు న్యాయంగానే అనిపించింది.

నా జవాబు ఇప్పుడు కాస్త తీరిగ్గా రాస్తాను, ఆరోజు ఇంత శుభ్రంగా చెప్పలేదు.

ముందు ఓడ సంగతి. చరిత్రకారులు దశాబ్దాలు కష్టపడి అట్లాంటిక్ బానిస ఓడల ప్రయాణాలు ఒకచోట చేర్చారు, 36,000కి పైగా. ఏ ఓడ, కెప్టెన్ ఎవరు, ఎక్కడ బయల్దేరింది, ఎక్కడ ఆగింది, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు. మొత్తం మీద సుమారు కోటీ పాతిక లక్షల మందిని ఎక్కించారని అంచనా, దిగింది కోటీ ఏడు లక్షలు. మధ్యలో పోయినవాళ్లు పద్దెనిమిది లక్షలు. ఓడలకి పేర్లున్నాయి, కెప్టెన్లకి పేర్లున్నాయి, ఆఖరికి కొన్ని ఓడల యజమానుల పేర్లూ ఉన్నాయి. లోపలున్నవాళ్లవి లేవు. పేర్లు దొరికిన పెద్ద జాబితా ఒకటుంది: బ్రిటన్ ఈ వర్తకాన్ని నిషేధించాక, దాని నౌకాదళం పట్టుకున్న ఓడల్లోంచి విడిపించినవాళ్ల పేర్లు ఫ్రీటౌన్, హవానా కోర్టులు రాసిపెట్టాయి. తొంభై వేల పైచిలుకు పేర్లు. కోటీ పాతిక లక్షల్లో తొంభై వేలు. అవి కూడా ఆ భాష రాని గుమాస్తా చెవికి విన్నట్టుగా రాసినవి.

అమెరికా దిగాక ఇంకోరకం. 1850లో, 1860లో జనాభా లెక్కల వాళ్లు బానిసల కోసం విడిగా పట్టికలు వేశారు. పైన యజమాని పేరు. కింద గీతలు. ఆడ, 34, నలుపు. మగ, 8, నలుపు. అరుదుగా తప్ప పేరు ఉండదు. 1860 నాటికి అలాంటి గీతలు దాదాపు 40 లక్షలు. బానిసత్వం పోయాక, 1870 లెక్కల్లోనే వాళ్లలో ఎక్కువమందికి మొదటిసారి పేరు వచ్చింది. వంశవృక్షాలు వెతుక్కునే నల్లజాతి కుటుంబాలు ఈ చోటుని ‘1870 గోడ’ అంటాయి. వెనక్కి నడుచుకుంటూ పోతే అక్కడ తల తగులుతుంది.

హేలీ ఆ గోడకి తల బాదుకున్నవాడు. గోడ అవతల ఏముందో ఊహించి రాశాడు. రాయాల్సిందే. నౌకలో ఒకరి మీద ఒకరు పడుకున్నవాళ్ల కడుపులో తిప్పడం ఎలా ఉంటుందో సరుకు జాబితా చెప్పదు. తప్పల్లా ఎక్కడంటే, ఊహించినదాని మీద తేదీ ముద్ర వేశాడు. సెప్టెంబర్ 29 అన్నాడు, ఫలానా ఓడ అన్నాడు, ముసలాయన చెప్పాడన్నాడు. పాఠకుడు నమ్మాల్సిన పని లేనిచోట కూడా నమ్మమన్నాడు.

టోనీ మారిసన్ ఇంకో దారి పట్టింది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో సహా గడ్డకట్టిన ఒహాయో నది దాటి కెంటకీ నుంచి సిన్సినాటికి పారిపోయింది. పట్టుబడే క్షణంలో, తిరిగి బానిసత్వంలోకి పంపలేక, రెండేళ్ల కూతుర్ని చంపేసింది. మారిసన్ ఆ పాత పత్రికా వార్త ఒకటి చూసి, అంతకు మించి ఆమె జీవితం తవ్వకుండా, 1987లో ‘బిలవెడ్’ రాసింది. అందులో సెతె నిజంగా ఉందా అని ఎవరూ అడగరు. ఈ పోలిక పిల్లలకి చెప్పలేదు, వయసు చాలదనిపించింది. ఇప్పుడనుకుంటే చెప్పాల్సింది.

కానీ నాలోనే ఒక ఎదురు ప్రశ్న ఉంది. ‘రూట్స్’ని నవలగానే అమ్మి ఉంటే అంతమంది ఏడ్చేవాళ్లా? ఆ పుస్తకం, ఆ సీరియల్ వచ్చాకే అమెరికాలో వేలమంది నల్లవాళ్లు తమ అమ్మమ్మల అమ్మమ్మల పేర్ల కోసం ఆర్కైవుల్లో కూర్చున్నారు. హేలీకి దొరకనిది కొందరికి దొరికింది కూడా. తప్పుడు తేదీ మీద నమ్మకంతో తలుపు తట్టారు, తలుపు తెరుచుకుంది. దీన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు తెలీదు.

ఇలాంటి అనుమానం హేలీ ఒక్కడి మీదే పడలేదు. 1789లో లండన్‌లో అచ్చయిన ఒలౌదా ఎక్వియానో ఆత్మకథ ఉంది. పదకొండేళ్లప్పుడు ఆఫ్రికాలో తననీ తన సోదరినీ ఎత్తుకుపోయారనీ, ఓడలో కింది అరలోని కంపు, ఏడుపులు ఎలా ఉన్నాయనీ రాశాడు. బానిస వర్తకం రద్దు ఉద్యమానికి అది పెద్ద ఆయుధమైంది. రెండొందల ఏళ్ల తర్వాత విన్సెంట్ కరెటా అనే పండితుడికి రెండు కాగితాలు దొరికాయి. 1759 నాటి బాప్తిస్మం రికార్డు, 1773 నాటి ఓడ సిబ్బంది జాబితా. రెండింట్లోనూ పుట్టింది కరొలైనాలో అని ఉంది. అంటే ఆ ఓడ ప్రయాణం వాళ్లనీ వీళ్లనీ అడిగి రాశాడా? లేక ఆ కాగితాల్లో ఎవరో తోచింది రాశారా? పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే రెండో ప్రశ్నలో బలం ఉందనిపిస్తుంది. బానిస కుర్రాడు బాప్తిస్మం రోజున ఏం చెప్పాడో, రాసినవాడు ఏం విన్నాడో. అయితే ఇలా నాకు నచ్చినప్పుడు కాగితాన్ని అనుమానించి, నచ్చనప్పుడు నమ్మడం కుదరదు కదా. టోబీ 1762లో ఉన్నాడని చెప్పినదీ యజమాని తరఫు కాగితమే. మిల్స్ దంపతుల్ని మాత్రం నేను కాదనలేను.

“మనవాళ్లని కూడా ఇట్లా ఓడల్లో అమ్మిన్రా మేడం?” అని ఎవరో అడిగారు. అమ్మారు. పదిహేడో శతాబ్దంలో డచ్చి కంపెనీ కోరమండల్ తీరం నుంచి, అంటే మన మచిలీపట్నం, పులికాట్, నాగపట్నం ఉన్న తీరం నుంచి, మనుషుల్ని కొని బటావియాకీ సిలోన్‌కీ పంపేది. కరువొచ్చిన, యుద్ధమొచ్చిన ఏడు ఆ సంఖ్య పెరిగేది. తిండిలేక పిల్లల్ని అమ్ముకునేవాళ్లు. కొందరు దక్షిణాఫ్రికాలోని కేప్‌కి చేరారు. అక్కడి రికార్డుల్లో వాళ్ల పేరు ముందు ఏదో డచ్చి పేరు, వెనకాల ‘తీరం వాడు’, ‘బెంగాల్ వాడు’ అని తోక. మన తీరం నుంచి పోయినవాళ్లలో తెలుగు ఎవరిదో తమిళం ఎవరిదో ఆ తోకతో తేలదు. ఇంకొందరికి జనవరి, ఫిబ్రవరి, సెప్టెంబర్ అని నెలల పేర్లే పెట్టారు. కేప్‌టౌన్ వైపు సెప్టెంబర్ అనే ఇంటిపేరు ఇప్పటికీ ఉంది.

ఇది విని ఒక పిల్లవాడు, “ఏసీ గార్డ్స్‌లో మా మామయ్య వాళ్లుంటారు, అక్కడ ఏసీ అంటే ఏంటి మేడం?” అన్నాడు. ఎయిర్ కండిషనర్ అనుకుంటున్నాడట ఇన్నాళ్లూ. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని చెప్పాను. నిజాం కొలువులోని సిద్దీ గుర్రపు దళం. హైదరాబాద్ రాజ్యం పోయాక దళమూ పోయింది, పేటకి పేరు మిగిలింది, ఆ సైనికుల మనవలు కొందరు అక్కడే మిగిలారు. దక్కన్‌కి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లలో అందరికంటే పేరు మోసినవాడు మాలిక్ అంబర్. ఇథియోపియాలో పుట్టి, చిన్నప్పుడే చేతులు మారి మారి అమ్ముడుపోయి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని తానే నడిపి, మొఘలులకి నిద్రలేకుండా చేసి 1626లో పోయాడు. చిన్నప్పటి పేరు చాపు అంటారు. అంబర్ అనేది కొన్నవాడు పెట్టింది. పిల్లలు చాలాసేపు చాపు చాపు అనుకుంటూ ఉన్నారు. ఒక పక్క టోబీ బాధ, ఇంకో పక్క సేనాపతి కథ వినేసరికి వాళ్లకి ప్రాణం లేచొచ్చినట్టయింది. నేను కూడా ఆపలేదు.

ఏడో వారానికి ఒక పని ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది. ‘ఏడు తరాలు’ అని ఊరికే అంటాం కదా, మీ ఇంట్లో అడిగి ఎన్ని తరాల పేర్లు తెలుసో రాసుకురండి అన్నాను. కాగితం మీద ఏడు గడులు గీసుకోమన్నాను.

ఒకబ్బాయి తొమ్మిది తరాలు తెచ్చాడు, ప్రవర సహా. వాళ్ల తాతగారి దగ్గర వంశవృక్షం రాసిన నోట్‌బుక్ ఉందట. ఇంకొకరు ఆరు. ముస్లిం పిల్లవాడు తాత తండ్రి దగ్గర ఆగి, ఆ పై గడిలో ‘గుల్బర్గా నుంచి వచ్చారు’ అని రాశాడు. ఒకమ్మాయి అందరివీ చూసి, “మేడం, ఎవరి లిస్టులోనూ ఆడవాళ్లు లేరు” అంది. నేను గమనించలేదు. హేలీ ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్లు: కిజీ, సింథియా, బెర్తా. వాళ్లు లేకపోతే అరుగు మీద ఆ ఆఫ్రికావాడి కథ చెప్పేవాళ్లే లేరు. తొమ్మిది తరాల అబ్బాయి వాళ్ల అమ్మని కేకేసి ముత్తవ్వ పేరు అడిగాడు. ఆవిడకి తెలీదు.

ఫోన్ పేరుతో పిలిచానన్న అమ్మాయి చివర్న మైక్ తీసింది. మూడు పేర్లు. తనది, నాన్నది, తాతది. “నాలుగోది తెల్వదు మేడం. మా తాతకు నాయిన. దొర దగ్గర జీతం ఉండెనంట. ఊర్ల ఏమో గాడు అని పిలుస్తుండెనంట. అది అసలు పేరు కాదంట.”

“జీతం ఉండటం అంటే ఉద్యోగమా?” అన్నాడు తొమ్మిది తరాల అబ్బాయి. తప్పు వాడిది కాదు. జీతం అంటే వాళ్లింట్లో నెలాఖరున బ్యాంకులో పడేది. జీతగాడు అంటే అప్పు కింద ఏడాది పొడుగునా దొర పశువుల దగ్గర, పొలం దగ్గర పడి ఉండేవాడనీ, వచ్చే గింజలు అప్పుకే చాలక కొడుకుని కూడా జీతానికి పెట్టేవాళ్లనీ చెప్పాను.

“అయితే అదీ స్లేవరీయేనా?”

ఇక్కడ నేను పంతులమ్మనైపోయాను. రెండూ ఒకటి కాదన్నాను. వర్జీనియా 1662లోనే చట్టం చేసింది, తల్లి బానిసైతే పుట్టిన బిడ్డ బానిసే అని. అందుకే కోళ్ల జార్జి సొంత తండ్రికి బానిసగా పుట్టాడు. అక్కడ మనిషిని వేలంలో అమ్మొచ్చు, వీలునామాలో రాయొచ్చు. ఇక్కడ జీతగాణ్ణి సంతలో నిలబెట్టి అమ్మలేదు, అప్పూ కులమూ కట్టేశాయి. చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ అమ్మాయి ముందు ఆ తేడాలు ఏకరువు పెట్టాల్సిన తొందర నాకేమొచ్చిందో.

ఆ రాత్రి వెట్టిచాకిరీ రద్దు చట్టం తీసి చదివాను. 1976 ఫిబ్రవరిది, ‘రూట్స్’ వచ్చిన ఏడాదిదే. దేశంలో బందీ శ్రమకి ఎక్కడెక్కడ ఏమేం పేర్లున్నాయో అందులో వరసగా రాశారు. అక్షరక్రమంలో ముప్పై దాకా పేర్లు. మన మాటలు కనబడుతూ పోయాయి: భగేలా, జీతా, పాలేరు, ఆఖర్న వెట్టి. ఆ చట్టం ప్రకారం, అప్పు తను చేసింది కావచ్చు, తన పై తరాలవాళ్లు చేసింది కావచ్చు, కింది తరాలవాళ్లు చేసింది కూడా కావచ్చు. వంశవృక్షం గురించి చట్టానికి బాగానే తెలుసు. అప్పు ఏ తరం నుంచి ఏ తరానికి దిగిందో దొర పద్దులో ఉండే ఉంటుంది. పద్దు చూసినవాడికి ఆ నాలుగో మనిషి పేరు కూడా తెలిసే ఉండాలి. ఆ పద్దులు ఇప్పుడు ఎవరింట్లో, ఏ అటక మీద ఉన్నాయో.

తర్వాతి శనివారం పిల్లలకి ఆ జాబితా చదివి వినిపించాను. ముందటి వారం నేను తొందరపడ్డానని కూడా అన్నాను. “సరే గానీ మేడం,” అంది ఆ అమ్మాయి, “మా నాయిన ఊర్ల ముసలామెకు ఫోన్ చేసిండు. ఆమెకు కూడా యాదికి లేదంట. నేనే ఒక పేరు పెట్టొచ్చా? హేలీ పెట్టినట్టు?”

గడులన్నీ నిశ్శబ్దం. హేలీని చీటర్ అన్న కుర్రాడే మొదట మాట్లాడాడు. “పెట్టు. కానీ నువ్వే పెట్టినవని రాయాలె.”

“కింద రాస్తే చాలా?”

“చాలు.”

ఆదివారం వాట్సాప్‌లో కాగితం ఫోటో వచ్చింది. రూళ్ల నోట్‌బుక్ పేజీ, స్కేలుతో గీసిన ఏడు గడులు. కింది మూడు నీలం పెన్నుతో. నాలుగోది పెన్సిల్‌తో, పక్కన చిన్నగా ‘నేను పెట్టిన’ అని. పై మూడు ఖాళీ. పెన్సిల్ గీత ఫోటోలో సరిగా పడలేదు. ఏం పేరు పెట్టావని అడిగాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి గానీ జవాబు రాలేదు.